రెట్టలో దొరికిన వైరస్: నాటుకోళ్ల పారుడుకు అదే కారణమా?

పెట్ట ఇరవయ్యొక్క రోజులు పొదిగి పదకొండు పిల్లల్ని లేపుతుంది. రెండు వారాలపాటు అన్నీ తల్లి కాళ్ల చుట్టూ చకచకా తిరుగుతాయి. మూడో వారంలో రెండు వెనకబడతాయి. రెక్కలు వాల్చి, కళ్లు అరమూసి, ఎండ పడే చోట కదలకుండా నిలబడతాయి. వెనక ఈకలకు రెట్ట అంటుకుని ఎండిపోతుంది. నూకలు వేస్తే తింటాయి. తిన్న నూక తిన్నట్టే రెట్టలో బయటికొస్తుంది. నెల తిరిగేసరికి పదకొండులో అయిదో ఆరో మిగులుతాయి. ఇంటివాళ్లు దీనికి చెప్పే పేరు ఒక్కటే, "పారుడు తగిలింది" అని. మందుల షాపులో దొరికే జవాబూ ఒక్కటే, నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ పొడి.

పారుడు ఒక లక్షణం మాత్రమే. దాని వెనక బాక్టీరియా ఉండొచ్చు, పేగు గోడలో బతికే ఏకకణ జీవి ఉండొచ్చు, ఏలికపాములు ఉండొచ్చు, బూజు పట్టిన మేత ఉండొచ్చు, వైరస్ ఉండొచ్చు. వైరస్ అయితే యాంటీబయాటిక్ దాన్ని తాకనైనా తాకదు. అందుకే కారణం తేల్చుకోవాలి. అక్కడే ఒక చిక్కుంది. కోడి పేగులో ఫలానా వైరస్ ఉందా లేదా అని చూడటం ఇవాళ పెద్ద పనేం కాదు, వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ మెషిన్, సరైన రసాయనాలు ఉన్న ల్యాబు ఒకటి రెండు రోజుల్లో చెప్పేస్తుంది. దొరికిన ఆ వైరసే జబ్బుకు కారణమని చెప్పడం మాత్రం చాలా కష్టం. ఆరోగ్యంగా తిరిగే కోడి పేగులోనూ అవే వైరస్‌లు కనిపిస్తుంటాయి. ఈ తేడాను పట్టించుకోకపోతే రిపోర్టులు వస్తూనే ఉంటాయి, పిల్లలు చస్తూనే ఉంటాయి.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో మొత్తం కోళ్లు, బాతుల వంటి పక్షులు 85 కోట్ల పైచిలుకు. అందులో పెరటి పక్షులే దాదాపు 31.7 కోట్లు. 2012 లెక్కతో పోలిస్తే ఈ పెరటి సంఖ్య 45 శాతానికి పైగా పెరిగింది. ఇన్ని పక్షులున్నా, కోళ్ల రోగనిర్ధారణ పద్ధతులన్నీ ఫారం కోడిని చూసి తయారైనవే. పదివేల బ్రాయిలర్లున్న షెడ్డులో రోజూ వంద చస్తే ఆ సాయంత్రమే డాక్టరు వస్తాడు, కోసి చూస్తాడు, శాంపిల్ వెళ్తుంది. పెరట్లో ఆరు పిల్లలు చస్తే అది ఆ ఇంటి మందలో సగం. అయినా ఎవరికీ ఫోన్ వెళ్లదు. చచ్చిన పిల్లను గంపకింద పెట్టి మర్నాడు పొలం గట్టున పారేస్తారు. నాటుకోళ్ల పేగు వైరస్‌ల గురించి తెలిసింది తక్కువగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం తూకం. బ్రాయిలర్‌లో పేగు జబ్బు మొదట బయటపడేది తూకంలోనే. వారం వారం తూస్తారు కాబట్టి, ఒకే వయసు పిల్లల్లో కొన్ని సగం బరువుకే ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. ఎదుగుదల ఆగిపోయే ఈ పరిస్థితికి రంటింగ్ స్టంటింగ్ సిండ్రోమ్ అని పేరు. 1970ల నుంచి యూరప్, అమెరికా ఫారాలను ఇది సతాయిస్తోంది. నాటుపిల్లను ఎవరూ తూయరు. పైగా నాటుకోడి సహజంగానే నిదానంగా పెరుగుతుంది. చిన్నగా మిగిలిపోయిన పిల్లను చూసి "ఇది గిడసబారిన పిల్ల, ఇంతే" అనుకుంటారు. అందువల్ల పెరటి మందలో పేగు జబ్బును కనిపెట్టే మొదటి పరికరం వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా. ఒకే పొదుగులో లేచిన పిల్లల్ని వారానికోసారి తూచి రాసుకుంటే చాలు. పారుడు కంటికి కనబడకముందే వెనకబడ్డ పిల్ల ఏదో కాగితం మీద తెలిసిపోతుంది. శాంపిల్ తీయాల్సింది కూడా సరిగ్గా అప్పుడే.

ముందు వైరస్ కానివి

రెట్టలో రక్తం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది కాక్సిడియోసిస్‌ను, అంటే రక్తపారుడును. ఐమీరియా అనే ఏకకణ జీవి పేగు గోడ కణాల్లో దూరి వాటిని చీల్చుకుని బయటికొస్తుంది. ఐమీరియా టెనెల్లా అయితే పేగు చివర జంటగా ఉండే అంధనాళాలు రక్తంతో ఉబ్బి నల్లబడతాయి. దీన్ని తేల్చడానికి పీసీఆర్ అక్కర్లేదు. అప్పుడే చచ్చిన పిల్ల పేగు లోపలి గోడను స్లైడు అంచుతో గీకి, ఒక చుక్క సెలైన్ వేసి మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి, కోలగా ఉండే గూళ్లు కనిపిస్తాయి. పది నిమిషాల పని. తెల్లగా సున్నంలా పారితే, అదీ మొదటి రెండు వారాల్లోనే అయితే, గుడ్డు ద్వారా తల్లి నుంచి వచ్చే పుల్లోరం అనే సాల్మొనెల్లా జబ్బును చూడాలి. దీనికి కల్చర్ చేయాలి, అంటే బాక్టీరియాను ల్యాబులో పెంచి చూడాలి. కొంచెం పెద్ద పిల్లల్లో ఏలికపాములు, బద్దెపురుగులు పేగు కోస్తే కంటికే కనిపిస్తాయి.

ఇవి ఉన్నాయంటే వైరస్ లేదని కాదు. వైరస్ పేగు గోడను పాడుచేశాక ఈ.కోలి, క్లాస్ట్రిడియం లాంటి బాక్టీరియాకు దారి సులువవుతుంది. యాంటీబయాటిక్ వేస్తే కొన్ని పిల్లలు కోలుకోవడానికి, మందు పనిచేసిందన్న నమ్మకం గట్టిపడటానికి కారణం ఈ వెనక వచ్చిన బాక్టీరియానే.

అనుమానితులు

తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన వైరస్ జబ్బు కొక్కెర తెగులు, పుస్తకాల్లో రాణిఖేత్, ఇంగ్లండులో న్యూకాజిల్. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు కాబట్టి మనకు ఆ పేరు. దీన్ని మెడ వంకర పోయే జబ్బుగానే చాలామంది గుర్తుపెట్టుకుంటారు. తీవ్రమైన రకం పేగునే ముందు దెబ్బతీస్తుంది. ఆకుపచ్చగా పారుతుంది. కోసి చూస్తే కందనకాయకు ముందుండే గ్రంథుల పొట్ట లోపల సూదిమొనతో పొడిచినట్టు ఎర్రటి చుక్కలుంటాయి. పేగు గోడ మీద బొత్తాల్లా పుళ్లుంటాయి. అంధనాళాలు మొదలయ్యే చోట ఉండే టాన్సిల్స్ రక్తం చిమ్మి కనిపిస్తాయి. ఈ మూడూ కలిసి ఉంటే అనుభవమున్న పశువైద్యుడు అక్కడికక్కడే గట్టిగా అనుమానిస్తాడు.

అసలు చిక్కు దీని తరవాతి వరసది. రోటా, ఆస్ట్రో, రియో, పార్వో, అడినో అనే వైరస్‌లు పిల్లల పేగుల్లో విడివిడిగా, ఎక్కువసార్లు కలివిడిగా ఉంటాయి. రోటా, ఆస్ట్రో, రియోలు ఆర్ఎన్ఏ వైరస్‌లు. పార్వో, అడినోలు డీఎన్ఏ వైరస్‌లు. ఈ తేడా ల్యాబులో బాగా పనికొస్తుంది, ఆర్ఎన్ఏ అయితే ముందు దాన్ని డీఎన్ఏగా మార్చే మెట్టు ఒకటి ఎక్కువ, పైగా ఆర్ఎన్ఏ త్వరగా చెడిపోతుంది. రోటావైరస్ పేగు లోపల వేళ్లలా పొడుచుకొచ్చే చూషకాల కొసలను తినేస్తుంది. కొస పోతే మేత అరగదు, నీరు లాగదు. రియోవైరస్ పేరు కీళ్ల జబ్బుతో ఎక్కువ ముడిపడింది, పేగులోనూ ఉంటుంది. పార్వోవైరస్‌ను కుంగిపోయిన కోడిపిల్లల్లో మొదట 1984లో హంగరీలో వివరించారు. ఆస్ట్రోవైరస్ పిల్లల్లో కిడ్నీలను దెబ్బతీసి, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కట్టే గౌట్‌కూ కారణమవుతుంది. మన దేశంలో బ్రాయిలర్ పిల్లల గౌట్‌కు దీనితో సంబంధం చూపించారు.

వీటిలో నెఫ్రైటిస్ వైరస్ కథ చెప్పుకోదగ్గది. 1970ల్లో జపాన్‌లో దీన్ని మొదటిసారి వేరుచేసింది వారం వయసున్న ఒక బ్రాయిలర్ పిల్ల పేగు చివరి భాగం నుంచి. ఆ పిల్లకు పైకి ఏ జబ్బూ లేదు. ఆ వైరస్‌ను ల్యాబులో వేరే పిల్లలకు ఎక్కిస్తే కిడ్నీలు వాచాయి. అందుకే ఆ పేరు. చాలా ఏళ్లు దాన్ని వేరే కుటుంబానికి చెందినదనుకున్నారు. 2000లో జన్యువు చదివాక అదీ ఒక ఆస్ట్రోవైరసే అని తేలింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలో దొరికిన వైరస్, జబ్బు చేయగల వైరస్, తప్పు పేరుతో తిరిగిన వైరస్. ఈ రంగంలో ఉన్న చిక్కులన్నీ ఆ ఒక్కదానిలోనే ఉన్నాయి.

శాంపిల్ చెడితే పరీక్ష చెడినట్టే

రాత్రి చచ్చిన పిల్లను పొద్దున కవర్లో వేసి, మధ్యాహ్నం బస్సులో పంపిస్తే సాయంత్రానికి ల్యాబుకు చేరేది పేగు కాదు, కుళ్లిన ముద్ద. పేగు లోపలి పొర చనిపోయిన కొద్దిసేపటికే ఊడటం మొదలవుతుంది. మే నెల ఎండలో అయితే చెప్పక్కర్లేదు. ఆ ముద్దలో పార్వోవైరస్ డీఎన్ఏ దొరకొచ్చు, ఆస్ట్రోవైరస్ ఆర్ఎన్ఏ చాలావరకు పోతుంది. చూషకాలు పాడైంది వైరస్ వల్లా, కుళ్లు వల్లా అని చెప్పడం ఎవరి తరమూ కాదు.

కావలసింది అప్పుడే వెనకబడటం మొదలైన, బతికున్న పిల్ల. పారుడు మొదలైన మొదటి రోజుల్లో రెట్టలో వైరస్ ఎక్కువగా ఉంటుంది, వారం దాటితే తగ్గిపోవచ్చు. పిల్లను చంపడానికి ఇంటివాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోవాలనీ లేదు. మలద్వారంలో స్వాబ్ అనే దూది పుల్లను తిప్పి తీస్తే చాలావరకు సరిపోతుంది. ఒకటి రెండు పిల్లల్ని వదులుకోగలిగితే పేగును రెండు భాగాలుగా తీసుకోవాలి. ఒక ముక్క ఐసు మీద వైరస్ పరీక్షకు, దాని పక్క ముక్కే పది శాతం ఫార్మలిన్‌లో కణజాలం చూడటానికి. ఈ రెండో ముక్కను చాలామంది మరిచిపోతారు. తరవాత అక్కరకొచ్చేది అదే.

పల్లెల్లో చల్లగా పంపించడం పెద్ద టెన్షన్. దీనికి మంచి దారి ఎఫ్‌టీఏ కార్డు, అంటే రసాయనం పట్టించిన మందపాటి కాగితం. దాని మీద స్వాబ్ ఒత్తి ఆరబెడితే వైరస్ చచ్చిపోతుంది, జన్యు పదార్థం మాత్రం కాగితంలో నిలుస్తుంది. ఐసు అక్కర్లేదు, మామూలు పోస్టు కవర్లో వెళ్తుంది, దారిలో ఎవరికీ అంటదు. లోటు ఒకటుంది. చచ్చిన వైరస్‌ను గుడ్డులోనో, కణాల్లోనో పెంచలేం. వైరస్‌ను పెంచి చూడాలంటే ఐసు డబ్బా తప్పదు.

ఎన్ని పిల్లల నుంచి తీయాలన్నది లెక్కతో తేలేదే. మందలో 30 శాతం పిల్లలకు వైరస్ ఉంటే, 95 శాతం నమ్మకంతో ఒక్కదాన్నైనా పట్టాలంటే తొమ్మిది పిల్లల శాంపిళ్లు చాలు. 10 శాతం పిల్లలకే ఉంటే 29 కావాలి. ఇది పెద్ద మందల లెక్క. పది పదిహేను కోళ్లున్న ఇంట్లో అన్నింటినీ తీసేయడమే మేలు. ఒక్క చచ్చిన పిల్ల నుంచి తీసిన ఒక్క స్వాబ్‌లో వైరస్ దొరక్కపోతే, దానితో మంద గురించి ఏమీ చెప్పలేం.

చూపులో తేడాలు

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద రోటావైరస్ బండి చక్రంలా కనిపిస్తుంది. ఆ వైరస్ పేరే చక్రం అన్న మాట నుంచి వచ్చింది. ఆస్ట్రోవైరస్‌కు నక్షత్రం అని పేరు పెట్టారు. అయితే ఒక చూపులో కనిపించే రేణువుల్లో కొద్దిపాటికే నక్షత్రం ఆకారం స్పష్టంగా ఉంటుంది, మిగతావి మామూలు గుండ్రటి చుక్కలే. ఈ మైక్రోస్కోపు ఏ వైరస్ ఉందో ముందే అనుకోకుండా చూపిస్తుంది, అది దాని గొప్పతనం. మిల్లీలీటరుకు దాదాపు పది లక్షల రేణువులు ఉంటేనే కనబడుతుంది, అది దాని లోటు.

పాతదైనా ఇప్పటికీ విలువ తగ్గని పరీక్ష ఒకటుంది. రోటావైరస్ జన్యువు ఒకే పోగు కాదు, 11 ముక్కలు. రెట్ట నుంచి ఆర్ఎన్ఏ తీసి, పల్చటి జెల్‌లో పోసి కరెంటు పెడితే చిన్న ముక్కలు ముందుకు, పెద్దవి వెనక్కి విడిపోతాయి. తరవాత వెండి ద్రావణంలో ముంచితే జెల్ మీద ఒక్కొక్క గీతా గోధుమ రంగులో మెల్లగా పైకి తేలుతుంది. పక్షుల గ్రూప్ ఏ రోటా అయితే ఆ గీతలు ఐదు, ఒకటి, మూడు, రెండుగా గుంపు కడతాయి. మనుషులు, పశువుల గ్రూప్ ఏ రోటా అయితే నాలుగు, రెండు, మూడు, రెండు. పక్షులకే ప్రత్యేకమైన గ్రూప్ డి అయితే ఐదు, రెండు, రెండు, రెండు. పది ముక్కలే కనిపిస్తే అది రియో. ఖరీదైన కిట్ లేకుండా, జెల్ సెట్టూ పవర్ ప్యాకూ ఉన్న జిల్లా స్థాయి ల్యాబులో కూడా చేయదగ్గ పని. నాటుకోళ్ల సర్వేలకు దీన్ని వదిలేయడం నష్టమే. పసిపిల్లల రోటా పరీక్షకు అమ్మే కిట్‌లు గ్రూప్ ఏ ని మాత్రమే పడతాయి. కోళ్లలో తిరిగే డి, ఎఫ్, జి గ్రూపులు వాటికి చిక్కవు. అలాంటి కిట్ "లేదు" అన్నదాన్ని జెల్ "ఉంది" అని చూపించగలదు.

ఇక పీసీఆర్. ప్రైమర్ అనే చిన్న జన్యు ముక్క వైరస్ జన్యువులో తనకు సరిపడే చోట అతుక్కుంటే ఆ భాగం రెట్టింపు, మళ్లీ రెట్టింపు అవుతూ పోతుంది. ఆస్ట్రోకు పాలిమరేజ్ జన్యువు, రోటాకు వీపీ6, పార్వోకు ఎన్ఎస్ జన్యువు లాంటి పెద్దగా మారని భాగాలను ఎంచుకుంటారు. రియల్ టైమ్ పీసీఆర్‌లో సిగ్నల్ నిర్ణీత గీతను ఎన్నో సైకిల్‌లో, అంటే ఎన్నో రెట్టింపులో, దాటిందో సీటీ విలువగా వస్తుంది. సీటీ దాదాపు 3.3 తగ్గితే వైరస్ పది రెట్లు ఎక్కువున్నట్టు. ఒక పిల్లకు 18, ఇంకో పిల్లకు 35 వస్తే రెండూ పాజిటివ్ అనే రాస్తారు. నిజానికి వాటి మధ్య లక్ష రెట్లకు మించిన తేడా ఉంది. రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ అని మాత్రమే రాసి సీటీని వదిలేసే అలవాటు ఎంత త్వరగా పోతే అంత మంచిది.

కోడి రెట్ట పీసీఆర్‌కు అనుకూలమైన పదార్థం కూడా కాదు. తెల్లగా కనిపించే యూరిక్ యాసిడ్, పైత్యరసం లవణాలు, గింజల పీచు, ఇవన్నీ ఎంజైమును అడ్డుకుంటాయి. వైరస్ ఉన్నా లేనట్టు చూపిస్తాయి. అందుకే ప్రతి శాంపిల్‌లోనూ తెలిసిన జన్యువు ఒకటి కలిపి అది రెట్టింపయిందో లేదో చూడాలి. కాకపోతే శాంపిల్‌ను పది రెట్లు పల్చన చేసి మళ్లీ నడపాలి, చాలాసార్లు అడ్డు తొలగిపోతుంది. ఇంకో సంగతి, ఫారం కోళ్ల వైరస్‌ల జన్యువులు చూసి తయారుచేసిన ప్రైమర్లు పెరటి కోళ్లలో మారిన రకాలకు అతుక్కోకపోవచ్చు. ఆస్ట్రోవైరస్‌లో ఈ మార్పులు మరీ ఎక్కువ. ఏ ప్రైమరూ లేకుండా రెట్టలో ఉన్న జన్యు పదార్థమంతా చదివే మెటాజెనోమిక్స్ పద్ధతి దీనికి జవాబు. ఖర్చు ఎక్కువే. పది ఊళ్ల శాంపిళ్లను కలిపి ఒక్కసారి చదివించి, కనిపించిన రకాలకు సరిపడే ప్రైమర్లు తయారుచేసుకుంటే ఆ తరవాతి పని మామూలు పీసీఆర్‌తోనే సాగుతుంది.

వ్యాక్సినా, జబ్బా?

కొక్కెర తెగులు పీసీఆర్ పాజిటివ్ వస్తే కథ ముగియదు. పిల్లలకు కంట్లో వేసే లసోటా టీకా బతికున్న వైరసే, అది కొన్నాళ్లు రెట్టలో వస్తుంది. పక్క ఫారంలో వేసినా నాటుకోళ్లకు చేరొచ్చు. అందుకని వైరస్ పైపొరలో ఉండే ఎఫ్ ప్రొటీన్ తెగే చోటు వరకు జన్యువును చదువుతారు. లసోటాలో అక్కడ గ్లైసీన్, ఆర్జినిన్, గ్లుటమిన్, గ్లైసీన్, ఆర్జినిన్, లూసీన్ అనే అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. ప్రాణం తీసే రకంలో ఆర్జినిన్, లైసీన్ లాంటి క్షార అమైనో ఆమ్లాలు గుంపుగా ఉండి, 117వ స్థానంలో ఫినైల్ అలనిన్ ఉంటుంది. అలాంటి చోటును శరీరంలోని దాదాపు అన్ని కణాల ఎంజైములూ కోయగలవు, అందుకే వైరస్ ఒళ్లంతా పాకుతుంది. లసోటా లాంటి దాన్ని ఊపిరిదారి, పేగులోని కొన్ని ఎంజైములు మాత్రమే కోయగలవు.

ఇంతవరకు పుస్తకంలో ఉన్నట్టే. మన ఊళ్లలో ఒక మెలిక ఉంది. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు చర్మం కింద వేసే ఆర్‌టూబీ వ్యాక్సిన్ మధ్యరకం తీవ్రత ఉన్నది. దాని ఎఫ్ ప్రొటీన్ తెగే చోటు కూడా తీవ్రమైన రకం లాగానే ఉంటుంది. ఆ చిన్న భాగం ఒక్కటే చదివి "ప్రాణాంతక రాణిఖేత్" అని రాస్తే, నెలకిందట వేసిన టీకానే జబ్బుగా రాసినట్టు కావొచ్చు. మొత్తం ఎఫ్ జన్యువు చదివి జీనోటైపు, అంటే వైరస్ ఏ జన్యు వంశానిదో, తేల్చాలి. ఆర్‌టూబీ మూడో జీనోటైపు, లసోటా రెండో జీనోటైపు. మన దేశంలో జబ్బు కోళ్లలో ఎక్కువగా కనిపించింది పదమూడో జీనోటైపు. శాంపిల్ కాగితం మీద "ఏ టీకా, ఎప్పుడు వేశారు" అన్న గడి ఖాళీగా ఉంటే ఎంత గొప్ప సీక్వెన్సింగ్ అయినా సగం గుడ్డిదే.

దొరకడం వేరు, కారణం కావడం వేరు

అమెరికాలో కోళ్లు, టర్కీ కోళ్ల ఫారాల్లో చేసిన సర్వేల్లో ఆస్ట్రో, రోటా, రియో వైరస్‌లు జబ్బు మందల్లోనే కాదు, బాగా పెరుగుతున్న మందల్లోనూ దొరికాయి. పెరటి కోళ్లలో ఇది ఇంకా ఎక్కువే ఉంటుందని ఊహించడానికి కారణం ఉంది. ఫారంలో ఒకే వయసు బ్యాచ్ వస్తుంది, పోతుంది, మధ్యలో షెడ్డు కడుగుతారు. పెరట్లో తాత పుంజు, తల్లి పెట్ట, ఆరునెలల కోళ్లు, నిన్న లేచిన పిల్లలు ఒకే పెంటకుప్ప మీద కెలుకుతాయి. పెద్దవాటి రెట్ట నుంచి వైరస్ పిల్లలకు నిరంతరం అందుతూనే ఉంటుంది.

కాబట్టి జబ్బు పిల్లల శాంపిళ్లు మాత్రమే తీసి "పదిలో ఎనిమిదింటికి ఆస్ట్రోవైరస్ ఉంది" అని రాస్తే దాని అర్థం ఏమిటి? అదే ఊళ్లో, అదే వయసు ఆరోగ్యమైన పిల్లలు పదింటిని చూశారనుకుందాం. వాటిలో ఏడింటికి ఉంటే ఆ వైరస్ ఊరంతా తిరుగుతోందని తప్ప ఏమీ తెలియదు. ఒక్కదానికే ఉంటే అనుమానం బలపడుతుంది. ఏడింటికీ ఉండి, జబ్బు పిల్లల సీటీ 18, ఆరోగ్యమైన వాటి సీటీ 33 దగ్గర ఉంటే, మళ్లీ అనుమానం బలపడుతుంది. పోల్చడానికి ఆరోగ్యమైన పిల్ల లేని సర్వే ఎంత ఖర్చుపెట్టి చేసినా ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. వయసు కలవడం కూడా ముఖ్యం. రెండు వారాల జబ్బు పిల్లను రెండు నెలల కోడితో పోలిస్తే తేడా వయసు వల్ల వచ్చిందే కావొచ్చు.

ఫార్మలిన్‌లో పెట్టిన పేగు ముక్క అక్కరకొచ్చేది ఇక్కడే. దాన్ని పల్చగా కోసి, వైరస్ జన్యువుకు అతుక్కునే రంగు గుర్తుతో చూస్తే వైరస్ ఎక్కడుందో తెలుస్తుంది. చూషకాలు కురచబడి, వాటి అడుగున ఉండే గుంతలు ఉబ్బి సంచుల్లా మారిన చోటే, ఆ కణాల లోపలే వైరస్ గుర్తు వెలిగితే అది బలమైన సాక్ష్యం. పేగు మధ్యలో మేతతోపాటు కొట్టుకుపోయే వైరస్‌ను పీసీఆర్ కూడా పాజిటివ్ అనే చూపిస్తుంది. కణంలో కూర్చున్నదాన్ని, దారినపోయేదాన్ని వేరుచేసేది ఈ చూపు ఒక్కటే.

ఇంకా గట్టి రుజువు కావాలంటే జబ్బును మళ్లీ రప్పించాలి. జబ్బు పిల్ల పేగు ద్రవాన్ని 0.22 మైక్రాన్ల ఫిల్టరు గుండా వడకడతారు. బాక్టీరియా ఆగిపోతాయి, మైక్రాన్‌లో పదో వంతు కూడా లేని రోటావైరస్ జారిపోతుంది. ఆ వడకట్టిన ద్రవాన్ని ఏ రోగమూ లేని ఒక రోజు పిల్లలకు పడితే అవీ కుంగిపోతే, కారణం వైరస్ సైజులో ఉన్నదేనని తెలుస్తుంది. ఏ వైరస్ అన్నది మాత్రం అప్పటికీ తేలదు, ఆ ద్రవంలో నాలుగైదు ఉండొచ్చు. ఒక్కొక్కటీ వేరుచేసి ఎక్కించాలి. ఆస్ట్రో, పార్వోలు ల్యాబులో పెంచడానికి మొండికేస్తాయి కాబట్టి అది చాలాసార్లు కుదరదు. ఈ కారణంగానే 1996లో డేవిడ్ ఫ్రెడరిక్స్, డేవిడ్ రెల్మన్ అనే శాస్త్రవేత్తలు, ఫలానా సూక్ష్మజీవే జబ్బుకు కారణమని రుజువు చేయడానికి రాబర్ట్ కాక్ నాటి నుంచి ఉన్న పాత నియమాలను జన్యు పరీక్షల కాలానికి తగ్గట్టు తిరగరాశారు. జబ్బు ఉన్న చోట జన్యువు ఎక్కువగా ఉండాలి, కోలుకుంటుంటే తగ్గాలి, దెబ్బతిన్న కణజాలంలోనే కనబడాలి. పెరటి మందలో ఈ మూడూ చూడటం అసాధ్యమేం కాదు. కోలుకున్న పిల్ల నుంచి రెండు వారాల తరవాత ఇంకో స్వాబ్ తీయాలి, అంతే.

నాటుకోళ్లకు ఒక అనుకూలత కూడా ఉంది. ఫారం కోడి రక్తంలో యాంటీబాడీలు దొరికితే అవి టీకావా, జబ్బువా అని తేల్చలేం. టీకా ఎరగని నాటుకోడిలో రాణిఖేత్ యాంటీబాడీలు ఉంటే ఆ కోడి వైరస్‌ను చూసినట్టే. తల్లి నుంచి గుడ్డులో వచ్చిన యాంటీబాడీలు పిల్లలో మొదటి కొన్ని వారాలు ఉంటాయి కాబట్టి ఆ వయసు దాటినవాటినే చూడాలి. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, రెండోసారి పరిమాణం బాగా పెరిగిందా అని చూస్తే వైరస్ ఈ మధ్యే వచ్చిందా, పాతదా అన్నదీ తెలుస్తుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థలో అసిల్, ఘాగస్ లాంటి దేశీ జాతుల మందలున్నాయి. టీకాలు, వయసు, తూకం అన్నీ రికార్డులో ఉండే అలాంటి మందలను ఊళ్లోని పెరటి మందలతో పోల్చి చూడటం ఈ ప్రశ్నలకు సరిపోయే దారి.

అన్నింటికీ ముందు ఒక జాగ్రత్త. పెద్ద కోళ్లు కూడా ఒక్కసారిగా, పదుల్లో చస్తుంటే, తురాయి నీలంగా మారితే, మొహం వాస్తే కత్తి పట్టకూడదు, ఏ స్వాబూ తీయకూడదు. పశువైద్య సేవల 1962 నంబరుకు గానీ, దగ్గరి పశువైద్యుడికి గానీ ఫోన్ చేయాలి. బర్డ్ ఫ్లూలోనూ పారుడు ఉంటుంది. దాన్ని అధికారికంగా తేల్చేది భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు చచ్చినప్పుడు నిర్ధారణ వచ్చింది అక్కడి నుంచే. సంక్రాంతి ముందు పందెం పుంజులు ఊళ్లు మారే రోజుల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

కారణం వైరస్ అని తేలితే పెంపకందారుకు ఒరిగేదేంటని అడగొచ్చు. రాణిఖేత్ అయితే టీకా ఉంది. రోటా, ఆస్ట్రో, పార్వోల పారుడుకు పల్లెల్లో వేసుకోదగ్గ టీకా లేదు, మందూ లేదు. మొదటి లాభం, అనవసరమైన యాంటీబయాటిక్ ఆగుతుంది. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను ఆహార పశువులు, కోళ్లలో వాడకుండా 2019లో కేంద్రం నిషేధించాల్సి వచ్చిందంటే పొడి మందుల వాడకం ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. రెండోది, చేయాల్సిన పని మారుతుంది. పిల్లలను మూడు నాలుగు వారాలు పెద్దకోళ్ల నుంచి వేరుగా తల్లితోపాటు గంపకింద, పొడి నేల మీద ఉంచడం, నీళ్ల గిన్నెలో రెట్ట పడకుండా ఎత్తుగా పెట్టడం, రాత్రి చలి తగలకుండా చూడటం, ఇవన్నీ వైరస్ మోతాదును తగ్గించే పనులు. ఈ వైరస్‌లకు పైన కొవ్వు పొర లేదు కాబట్టి సబ్బు నీళ్లకు సులువుగా చావవు, నేలలో చాలాకాలం నిలుస్తాయి. పాత పొదుగు గంపలో ఉన్న గడ్డిని కాల్చేసి, గంపను రెండు రోజులు గట్టి ఎండలో పెట్టాకే మళ్లీ గుడ్లు పెట్టాలి.

ఊరి పశుమిత్ర దగ్గరో, గోపాలమిత్ర దగ్గరో పది ఎఫ్‌టీఏ కార్డులు, పది స్వాబులు, ఒక చిన్న కాటా ఉంటే ఈ పని మొదలవుతుంది. కవరు మీద ఊరు, పిల్లల వయసు, తూకం, వేసిన టీకా, పారుడు మొదలైన తేదీ రాయాలి. లోపల రెండు కార్డులుండాలి. ఒకటి పారుతున్న పిల్లది, రెండోది అదే పొదుగులో లేచి, దాని పక్కనే ఏమీ కానట్టు నూకలు ఏరుకుంటున్న పిల్లది.